అతుకు కనబడాలి

నౌపడాలో బండి మారి
పర్లాకిమిడిలో దిగేసరికి మధ్యాహ్నం రెండు.
సంచిలో భూతద్దం, రెండు పెన్సిళ్లు (ఒకటి ఎర్రది),
విశ్వవిద్యాలయం ముద్ర వేసిచ్చిన ఉత్తరం.
దాన్ని ఇక్కడెవరూ చదవలేదు.

బగాది కూర్మారావు, ఆయన భార్య నిశామణి.
గోడల మీది బొమ్మలకూ తాటాకులకూ
వైద్యం చేసిన ఇద్దరు.
ఆయన మూడు దస్త్రాల్లో దొరికాడు.
ఆమె ఒకే ఒక్క చోట, మఠం ఖర్చుల పద్దులో:
"కూలి మనిషి ఒకతె. ఆరణాలు."

ఆ ఆరణాల వెనకే
నాలుగు రోజులు నడిచాను.

చివరికి మహేంద్రతనయ వైపు వీధిలో
అటక మీంచి గోనె మూట దింపించింది ఒక ముసలావిడ,
చిన్నప్పుడు వాళ్ల దగ్గర రంగు నూరిందట.
"ఏటి బాబూ, పురుగులు తినీసిన కాయితాల కోసం
ఇంత దూరం వచ్చినావేటి?"
విప్పితే వసకొమ్ము వాసన.
డెబ్బై ఏళ్లయినా
ఒక్క పుటా పురుగు ముట్టలేదు.

లెక్కల పుస్తకం అది. ఒకే పుటలో రెండు చేతులు.
ఆయనవి తెలుగు అక్షరాలు, కాస్త పక్కకు వాలి.
ఆమెవి ఒరియా,
వానలో గొడుగులేసుకుని వరసగా నిలబడ్డట్టు.
నాకు ఒరియా రాదు.
బస్టాండు దగ్గర జెరాక్సు షాపు కుర్రాడు రింకూ బెహరా
పేజీకి ఐదు రూపాయల చొప్పున చదివిపెట్టాడు,
గిరాకీ వచ్చినప్పుడల్లా మధ్యలో లేచిపోతూ.

చింతగింజల జిగురు, రెండు శేర్లు.
నిమ్మగడ్డి నూనె.
మైలుతుత్తం, చిటికెడు.
ముప్ఫై ఆరు ఏప్రిల్లో, ఊరి పక్కగా
రాష్ట్రాల గీత పడిన రోజున:
"దీపం వత్తులు, కాణీ. మబ్బు. పని లేదు."

ఆ వానాకాలంలోనే ఆయన రాశాడు:
"ఏనుగు చెవి దగ్గర మసి నీళ్లతో తుడిచినాను."
కింద ఆమె: "తప్పు."
మర్నాడు ఆయన: "ఆరితే తెలుస్తుంది."
మూడోనాడు ఆమె: "ఆరింది. తప్పే."
రింకూ నవ్వాడు, నేనూ నవ్వాను.
తర్వాత పద్దెనిమిది రోజులు తెలుగు లేదు.
ఉప్పూ పప్పూ కూడా ఒరియాలోనే.
పంతొమ్మిదో నాడు, ఓ మూలగా, చిన్న అక్షరాల్లో:
"గోధుమపిండి ముద్దతో తుడిచినాం."
ఆ చివరి సున్న దగ్గర చాలాసేపు ఆగాను.
ఇద్దరు పట్టేంత సున్న.

మఠానికి వెళ్లి చూశాను.
చెవి ఉంది, మావటి కాలు ఉంది,
తొండం ఉండాల్సిన చోట మట్టిరంగు పూత,
నున్నగా, ఖాళీగా.
తొండం గీసెయ్యమన్నాడట మహంతు.
తను చూడని తొండం గీయనందట ఆమె.
అందుకే ఆ నెల కూలి పద్దులోకి దిగింది.
పుస్తకంలో దాని గురించి రెండే వాక్యాలు:
"పోయింది పోయినట్టే ఉండాలి.
మనం వేసిన అతుకు కనబడాలి."

ముసలావిడ ఇంకోటి చెప్పింది.
"ఆయన తెల్ల చొక్కా చిరిగితే
ఎర్ర దారంతో కుట్టీది తల్లి.
ఆ చొక్కాతోనే కచేరీకి ఎళ్లీవోడు.
సిగ్గేటి, బాగు చేసిందే కదా అనీవోడు."

వాళ్లెక్కడ కలిశారో దొరకలేదు.
ఆమె ఎప్పుడు పోయిందో దొరకలేదు.
"ఊహించి రాసెయ్, ఎవరడుగుతారు?"
ఫోన్లో మా పర్యవేక్షకుడు.
ఏనుగు గుర్తొచ్చి
సిగ్నల్ లేదన్నాను.

వెళ్లే ముందు జెరాక్సు షాపులో కూర్చుని
మఠం పద్దు నకలు తీయించి,
ఆరణాల పక్కన ఎర్ర పెన్సిల్‌తో,
నాదని తెలిసేలా నా కోడిగీతల్లోనే రాశాను:
బగాది నిశామణి.

రింకూ వంగి చూసి,
లెక్కల పుస్తకం ఆఖరి పుట తిప్పి
సంతకం మీద వేలు పెట్టాడు.
"తప్పు సార్. ఆమె మహారణా అని రాసుకుంది."

చెరపలేదు.
పక్కనే దిద్దాను.